రాజీకి నా నౌకలే దొరికాయా?

నేను నంద్యాలలో డిగ్రీ చదివే రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో అంతరిక్ష యుద్ధం ఆట ఆడేదాన్ని. నంద్యాల వాళ్లమంతా ఒక కూటమి. మా క్లాసు సుధాకర్ దానికి లీడరు. ఆళ్లగడ్డ కుర్రాళ్ల కూటమితో మాకు పోరు. మనం ఆటలో లేని వేళ చూసి శత్రువు మన నౌకలు పేల్చేస్తాడు. అందుకే ఆదివారం నేను చర్చికి పోయినప్పుడు కాపలా కాయమని సుధాకర్‌కు నా పాస్‌వర్డ్ ఇచ్చాను.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా సెంటరుకు వచ్చి చూస్తే, నెలల తరబడి కట్టుకున్న నా నౌకలు ఒక్కటీ లేవు. పక్క కుర్చీలో సుధాకర్ టీ తాగుతున్నాడు.

"ఆళ్లగడ్డోళ్లతో రాజీ అయినాం. వాళ్లవి మనం పేల్చినాం కదా, బదులు అడిగినారు. నీవి వాళ్ల ముందర నిలబెట్టినాను, పేల్చుకున్యారు" అన్నాడు.

"నావే ఏంటికి? నీవి లేవా?"

"నేను లీడరు గదా. నీకు రేపు పెండ్లయితే ఈ ఆట యాడ ఆడతావ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నా సొమ్ము ఇచ్చి రాజీ చేసేదానికి నువ్వెవర్రా?" అని అరిచాను. సెంటరంతా తిరిగి చూసింది. మా కూటమి వాళ్లు మళ్లీ తమ ఆటల్లో పడ్డారు. సెంటరు ఓనరు, "గొడవేంది పాపా, ఆటే గదా, సర్దుకో" అన్నాడు.

ఇప్పుడు నాకు పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నాను. ఆ కోపం మాత్రం చల్లారలేదు. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఎవరైనా "సర్దుకుపోదాం" అంటే, ముందు ఒకటే అడుగుతాను: ఎవరి సొమ్ము ఇచ్చి?