తడి సున్నంతో గీసిన పడవ

పోయిన ఆదివారం పొద్దున, మియాపూర్‌లో మా అక్క ఇంట్లో ఉండగా, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా ఎదురు ఫ్లాట్ అంకుల్ ఇక లేరని. ఛాతీలో నొప్పి అంటే ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే పోయారట. దానికి పైన ఎవరిదో కారు అడ్డంగా ఉంది తీయమన్న మెసేజ్, కింద ఇవాళ నీళ్ళ ట్యాంకర్ ఆలస్యమన్న మెసేజ్. ఆ రెండింటి మధ్య ఆయన చావు. ఫోన్ పగలగొట్టాలనిపించింది.

కాకినాడ వైపు మనిషి. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజినీరుగా చేశారు. ఎనిమిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంట్లో. రిటైరయ్యాక, ఆంటీ చెల్లెలు కొండాపూర్‌లో ఉంటుందని, సముద్రం వాసన కూడా తగలని మా పుప్పాలగూడకొచ్చి స్థిరపడ్డారు. ఇంతకాలం ఆవిడ నా కోసం ఆగింది, ఇక ఎక్కడుండాలో ఆవిడే చెప్పాలి కదా అనేవారు. నాది ఈ ఊరే. మా అపార్ట్‌మెంట్ ఉన్న చోట ఒకప్పుడు మా పెద్దనాన్న జొన్న వేసేవాడు. నేను సముద్రం చూసిందే ఇంజినీరింగ్ మూడో ఏడులో.

నేను లాప్‌టాప్ బ్యాగుతో లిఫ్ట్ కోసం నిలబడేసరికి ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని వరండా చివర ఉండేవారు. ఎదురుగా కడుతున్న టవర్‌కి చుట్టిన ఆకుపచ్చ వల ఎటు ఉబ్బిందో చూసి, ఇవాళ పడమటి గాలి అనో, తిరిగేట్టుందనో చెప్పేవారు. నాకెందుకు ఆ గాలి గోల అనుకునేదాన్ని. ఇప్పుడు లిఫ్ట్ వచ్చినా ఎక్కకుండా ఆ వల వైపే చూస్తున్నాను.

కిందటేడు ఒక రోజు నన్ను కూర్చోబెట్టి మనసులో మాట చెప్పారు. తెరచాప పడవ కొనాలి, ఆంటీని ఎక్కించుకుని గోవా నుంచి కొచ్చి దాకా ఒడ్డు వెంబడే పోవాలి, ఒక చలికాలమంతా అందులోనే కాపురం ఉండాలి. గోవాలో రెండు పాత పడవలు అమ్మకానికున్నాయి. ఒకటి ముప్పై ఎనిమిది అడుగులది, సన్నటిది, గాలి తగిలితే దూసుకుపోతుంది. రెండోది ముప్పై ఆరు అడుగులు, పొట్ట వెడల్పు, బరువు, నిదానం. ఆంటీ వాటికి పొడుగుది, బొద్దుది అని పేర్లు పెట్టేసింది. ఆవిడ మాత్రం ఏ పడవా వద్దనే అంటోంది. ఆయన బెంగంతా అదే.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదమూడేళ్ళు అరిగిపోయినదాన్ని, ఊరుకుంటానా? ఎక్సెల్ షీట్ తెరిచాను. వేగం, నీటి కింద లోతు, ఇంజిన్ వయసు, తెరచాపల విస్తీర్ణం, మంచినీళ్ళ ట్యాంకు, ఇలా ఇరవై రెండు వరుసలు. ఒక్కోదానికీ వెయిటేజ్. తీరా కూడితే బొద్దుది గెలిచింది. నాకు నచ్చలేదు. పొడుగుదాని ఫోటోలు చూసి నేను ఎప్పుడో మనసు పారేసుకున్నాను. వేగం వెయిటేజ్ కాస్త పెంచి, పొడుగుదాన్ని గెలిపించి తీసుకెళ్ళి ఇచ్చాను.

"గిదే తీస్కోండ్రి అంకుల్, ఇగ సోచాయించుడేం లేదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, నా వైపు చూసి నవ్వారు. "పరీక్ష నువ్వే పెట్టి మార్కులూ నువ్వే వేసేస్తే ఎలాగమ్మాయ్? తొందరుంటే విమానం ఉంది కదా" అన్నారు. దొరికిపోయాను. సిగ్గేసింది.

ఆ శనివారమే ఆయన ముగ్గుపిండి డబ్బా, టేపు పట్టుకుని కింద పార్కింగ్‌లోకి దిగారు. కార్లు తీయించి, రెండు పడవల ప్లాన్లనూ అసలు కొలతలతో నేల మీద గీయమని ఆంటీని బతిమాలారు. ముప్పై ఏళ్ళ ముగ్గుల చెయ్యి ఆవిడది, గీత వంకర పోలేదు. మంచాలు, వంటగది, దిగే మెట్లు, వెనక చుక్కాని చక్రం. వాచ్‌మన్ వచ్చి, ఏంది మేడం గిది, గిట్ల చేప లెక్క ఉందని పరేషానయ్యాడు.

తర్వాత ఆయన పొడుగుదాని చుక్కాని దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, ఆంటీని వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టమన్నారు. ఉత్త టీ, ఉత్త పొయ్యి. పొడుగుదానిలో వంటగది పక్క గోడకు ఆనుకుని ఉంటుంది. పొయ్యి ముందు నిలబడితే వీపు ఆయన వైపు తిరుగుతుంది. ఆంటీ అక్కడ నిలబడి, మెడ తిప్పి ఒకసారి వెనక్కి చూసి, రెండో ముగ్గులోకి నడిచింది. ఆయనా కుర్చీ తెచ్చి దాని చుక్కాని దగ్గర వేసుకున్నారు. బొద్దుదానిలో వంటగది మెట్ల కిందే. పక్కన చిన్న బల్ల. ఆవిడ ఆ బల్ల గీత మీద నేల మీదే కూర్చుని తలెత్తింది.

"అందులో మీరు కనపడరండీ. ఇందులో అయితే ఇక్కణ్ణుంచి కనపడతారు. ఇదైతే నేనొస్తాను."

ఆయన ముఖం తిప్పుకుని టేపు చుట్టసాగారు. నా ఇరవై రెండు వరుసల్లో ఆ వరుస లేదు. నాకు తట్టనే లేదు.

పొడిముగ్గు టైర్ల కింద పోతుందని, మర్నాడు ఆంటీ బొద్దుదాన్ని తడి సున్నంతో మళ్ళీ గీసింది, పడవ చేతికొచ్చేదాకా ఉండాలని. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గొణిగాడు గానీ చెరపలేకపోయాడు. ఆయన పోయేనాటికి, వాళ్ళిద్దరూ గోవా వెళ్ళడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

నేను మియాపూర్ నుంచి వచ్చేసరికి ఆయన్ని ఉంచిన ఫ్రీజర్ బాక్సును పార్కింగ్‌లో, లిఫ్ట్ దగ్గర పెట్టారు. అపార్ట్‌మెంట్లలో ఎవరు పోయినా ఆఖరి చూపులకు అదే చోటు. ఆడవాళ్ళు ఆంటీకి తలవైపు కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు. కాసేపు నేల వైపు చూసి, బాక్సును కాస్త వెనక్కి, ఆ స్తంభం వైపు జరపండి బాబూ అంది. వాన జల్లు పడుతుందని కాబోలు అనుకుని నలుగురు పట్టి జరిపారు. అది చుక్కాని ఉన్న చోటని నాకొక్కదానికే తెలుసు.

సున్నం సగం చెరిగింది గానీ బల్ల గీత ఇంకా ఉంది. ఆంటీ అటు నడిచి దాని మీద కూర్చుంది. చెల్లెలు చాప తెస్తే వద్దంది. చీర కొంగు భుజం మీదికి లాక్కుని, తలెత్తి, ఆయన కనపడుతున్నారో లేదో చూసుకుంది.