పెడల్ మీద కాలు

చిలకలూరిపేట కారు మేస్త్రీ సాయిబుగారు పోయారని మాకు పాలుపోసే ఆమె చెప్పింది.

ఒకసారి నొప్పులు పడుతున్న అక్కను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కారు బ్రేకు మెత్తబడింది. పత్తిమిల్లు పక్కనున్న ఆయన షెడ్డులో ఆగాం. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీసేశాక పెడల్ గట్టిపడింది. ఆయన మాత్రం తొక్కిన కాలు తీయకుండా కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"గాలి పోయిందిగా సాయిబూ, ఇంకా జపమేంటయ్యా?" అని బావగారు కసిరారు.

"కాలికింద మెల్లగా దిగుతోందండీ. ఎక్కడో ఆయిల్ కారుతోంది. అమ్మగారిని ఇట్టా పంపను."

నేనూ ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. వెనక చక్రం విప్పితే లోపలంతా తడి! ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు మార్చి, మళ్ళీ గాలి తీసి, మళ్ళీ అలాగే కూర్చున్నారు. ఈసారి పెడల్ దిగలేదు.

ఆ సాయంత్రమే మేనకోడలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆయనకు ఒక్క మంచిమాటైనా చెప్పకుండా వచ్చేశాను. మీరు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆయన్ని ఒక్కసారి తలచుకోండి.