లైన్ క్లియర్ తీసుకున్న పెళ్లికూతురి అన్న

రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక వేసవిలో, తిరువూరుకు అసిస్టెంట్ ఇంజనీరుగా, అంటే మా విద్యుత్ శాఖ వాడుకలో ఏఈగా, బదిలీ మీద వచ్చాను. చేరిన నెలలోనే దగ్గర్లోని ఒక ఊళ్లో రథోత్సవం వచ్చింది. రథం వెళ్లే దారికి అడ్డంగా పదకొండు కేవీ లైను ఉంది. రథం శిఖరం ఆ తీగలకన్నా ఎత్తు. అందుకని ఏటా కరెంటు ఆపి, తీగలు దించి, రథం దాటాక మళ్లీ కడతారు.

ఇలాంటి పనికి ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. నేను ఈ లైను మీద పనిచేస్తున్నాను, నేను చెప్పేదాకా కరెంటు ఇవ్వొద్దని ఒక మనిషి తన పేరున సబ్‌స్టేషన్‌లో తీసుకునే అనుమతి అది. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. ఇక్కడ మొహమాటాలకు పోతే ప్రాణాలు పోతాయి.

ఆ రోజు లైన్ క్లియర్ తీసుకున్నది ఆ ఊరి లైన్‌మన్ సాంబశివరావు. అతని ఒక్కగానొక్క చెల్లెలు అనూష పెళ్లి కూడా ఆ రోజే, ఆ ఊళ్లోనే. రథం పొద్దున, పెళ్లి మధ్యాహ్నం, రెండూ చూసుకుంటానని అతనే అన్నాడు.

రథం మాత్రం మా మాట వినలేదు. అకాల వానకు నానిన నేలలో, సరిగ్గా దించిన తీగల దగ్గరే, చక్రం కూరుకుపోయింది. వందలమంది మోకులు పట్టి లాగినా కదల్లేదు. ముహూర్తం ముంచుకొచ్చింది.

సాంబశివరావు తండ్రి నాకు ఫోన్ చేశారు. జీలకర్ర బెల్లం వేళకు పెట్టించేశామని, తాళి కట్టడం కూడా అయిందని, ఇక లాజహోమానికి కొడుకు కావాలని చెప్పారు. ఆ హోమంలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్నదమ్ములే. వరసకు అన్నయ్యే వాళ్లు ఇంకొకరున్నారు కానీ, అనూష ఒప్పుకోవడం లేదట.

లైన్ క్లియర్ పర్మిట్ నా పేరుకు మార్పించుకుంటాను, వెళ్లమని సాంబశివరావుకు చెప్పాను. నిబంధనల్లో దానికి వీలుంది. అతను రథం వైపు చూశాడు.

"వద్దు సార్. తీగ కింద ఇంతమంది జనం ఉన్నారు. ఎక్కడెక్కడ ఏం విప్పానో నాకే తెలుసు. పేలాలు కాసేపు ఆగుతాయండి."

ఆ మాటే ఫోన్‌లో చెప్పాను. అవతల పెళ్లికూతురే ఫోన్ అందుకుంది.

"ఏఈ గారూ, అన్నయ్యను కంగారుపెట్టకండి. మేం హోమం ఆరనివ్వం."

ముహూర్తం జీలకర్ర బెల్లానికే, మిగతా తంతు ఆగొచ్చని పురోహితుడు పెద్దలకు నచ్చజెప్పారట. మగపెళ్లివారు కాస్త గునిసినా, విస్తళ్ల దగ్గరికి మాత్రం ఎవరూ లేచి వెళ్లలేదట. కరెంటు లేక ఫ్యాన్లు ఆగిన పందిట్లో, ఆ ఎండలో, హోమం పక్కన కూర్చోవడమంటే మాటలు కాదు. వాళ్లందరి ఓర్పుకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

చివరికి ట్రాక్టరు తెచ్చి రథాన్ని కదిలించారు. సాంబశివరావు తీగలు కట్టించి, మనుషులందరినీ కిందికి దించి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చూసుకున్నాకే లైన్ క్లియర్ తిరిగి ఇచ్చాడు. నా జీపులో ఎక్కించుకుని తీసుకెళ్లాను. మేం దిగేసరికి పేలాల చేట సిద్ధంగా ఉంది. ఎవరు కబురు చేశారని అడిగాను.

"ఎవరూ చెప్పలేదండి," అన్నారు తండ్రి. "ఫ్యాను తిరిగింది. అన్నయ్య దిగాడు, చేట తెమ్మంది మా అమ్మాయి."

చేతులు మాత్రం కడుక్కుని, మట్టి కొట్టుకున్న యూనిఫాంలోనే సాంబశివరావు చెల్లెలి దోసిట్లో పేలాలు పోశాడు. నాకు కళ్లు చెమర్చాయి. పొగ వల్ల అని చెప్పను.

లైన్ క్లియర్ తీసుకున్న మనిషి మధ్యలో వదలడు, వదలకూడదు. కాబట్టి చూసుకోవాల్సింది ఆ పని ఒకరికి ఇచ్చే ముందే. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పని అప్పగించే ముందు, ఇవాళ మీ ఇంట్లో విశేషమేమైనా ఉందా అని అడిగేవాణ్ణి. ఉందన్నవాళ్ల పేరు పర్మిట్ మీద పడనివ్వలేదు.