బావ కారు ఇంజన్‌కు ఏ రంగు

మొన్న ఒక పొద్దున మా పెద్దక్క మనవడు వాకిట్లో గోనెసంచి పరిచి, దాని మీద పాత కారు ఇంజన్‌ను దించి, నన్ను కుర్చీతో సహా దాని ముందుకు జరిపి ఒకే మాట అడిగాడు.

"తాతా, దీనికి అప్పుడు ఏం రంగుండె?"

అది మా బావ నడిపిన టాక్సీ ఇంజన్. బావ పోయిన తర్వాత ఏళ్ల తరబడి కొట్టంలో జొన్నచొప్ప కింద పడి ఉన్న ఆ కారును, జహీరాబాద్‌లో మోటారు షెడ్డు నడుపుకునే ఈ మనవడు ఒక్కో ముక్కా విప్పి బాగు చేస్తున్నాడు. మా అక్క మంచం పట్టింది. డాక్టర్ మాతో గడప బయట నిలబడి మాట్లాడాడంటే ఇక వివరించనక్కర్లేదు. ఆమెను ఒక్కసారి ఆ కారులో కూర్చోబెట్టి మేము ఇప్పుడుంటున్న నారాయణఖేడ్ వీధుల్లో తిప్పాలని వీడి ఆరాటం. బయటి రంగు నలుపు, దాంతో పేచీ లేదు. కానీ ఆ రోజుల్లో తెల్లారి లేవగానే బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు పోసేది అక్కే కాబట్టి, ఆ కారు ఒంటికంటే దాని కడుపు సంగతే ఆమెకు ఎక్కువ తెలుసు. బానెట్ ఎత్తమని తప్పకుండా అడుగుతుంది. ఇంజన్‌ను ఒకసారి కారులో దింపితే వెనక పక్కకు కుంచె పోదు. అందుకే వాడికి తొందర, నాకు భయం.

ఆకుపచ్చ అని వెంటనే చెప్పేశాను. వాడు ఫోన్ తెరిచి ఆకుపచ్చలన్నీ వేలితో జరిపి చూపించాడు. వాటిలో ఏదో తేల్చుకోలేకపోయాను. నా కుడి కంటికి పొర తీసి ఏడాది కాలేదు, దాంతో చూస్తే లోకమంతా నీలం కలిపి ఉతికినట్టు ఉంటుంది, ఎడమ కంటితో చూస్తే అంతా చాయ్ నీళ్లలో ముంచినట్టు ఉంటుంది. నా ఈడు వాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. ఒక కన్ను మూసి ఒకటి, ఇంకో కన్ను మూసి ఇంకొకటి చెప్పాను. రెండు రంగులు చెప్పిన మనిషిని చూసి వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ రంగు పూసినప్పుడు చూసినవాళ్లలో చెప్పడానికి మిగిలింది నేనూ, ఆ మంచం మీది మనిషీ. ఆమెకు తెలియకుండా చేస్తున్న పని ఇది, ఆమెనే అడిగితే ఆ సంబరమే పోతుంది.

అన్నిటికంటే కోపం తెప్పించిన సంగతి ఇంకొకటి ఉంది. పాత రంగు ఎప్పుడూ విడిభాగాల వెనక, ఎండా నూనే తగలని చోట దాక్కుంటుంది. డైనమో విప్పి దాని వెనక చూడరా అంటే, ఇంజన్ మొత్తం ఇనుము మెరిసేదాకా రుద్దేశానని మురిసిపోతూ చెప్పాడు. రుద్దే ముందు ఒక్క మాట అడగడానికి వీళ్ల నోళ్లకు ఏమొచ్చిందో! ముసలివాళ్లను అన్నీ అయిపోయిన తర్వాతే అడుగుతారు.

ఆ ఇంజన్‌కు రంగుతో వచ్చిన తంటా ఇదే మొదటిది కాదు. నేను అప్పట్లో ఖేడ్ బస్‌డిపోకు ఎదురుగా రేకుల షెడ్డులో పంపుసెట్లు బాగు చేసేవాణ్ణి. బడి ముఖం సరిగా చూడని నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ షెడ్డులోని గ్రీజు డబ్బాల మీద, రంగు డబ్బాల మీద. బావ ఊరు మనూర్ అవతల. దసరా వస్తే మా వైపు నాగలి నుంచి కుట్టుమిషన్ దాకా ప్రతి ఇనుప వస్తువునూ కడిగి, రంగు పూసి, బొట్టు పెట్టి పూజ చేసేవారు. ఒక ఏడు ఇంటి తలుపులకు వేయగా మిగిలిన పచ్చరంగును బావ తన కారు ఇంజన్‌కు పూయడం మొదలుపెట్టాడు, అదీ నూనె జిడ్డు మీదనే. ఇంజన్ తలుపు కాదు బావా, వేడికి ఆగదు అని పండుగకు వెళ్లిన నేను మొత్తుకున్నాను.

"ఏందిరా బామ్మర్ది, పండుగ పూట అందరికి కొత్త బట్టలు, నా ఇంజనొక్కటే నంగా ఉండాల్నా?" అని పొగగొట్టానికి కూడా పూసేశాడు.

మర్నాడే అక్కకు తొలి కాన్పు నొప్పులు వచ్చాయి. ఖేడ్ దవాఖానకు బయలుదేరాం. మనూర్ దాటామో లేదో బానెట్ సందుల్లోంచి పొగ, కళ్లు మండించే పొగ, కారు నిండా కమ్ముకుంది. బండి అంటుకుందని బావ అక్కను దింపి జొన్నచేను గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ల డబ్బాతో ఇంజన్ మీదికి ఉరికాడు. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పడితే పగుళ్లిచ్చి ఇంజన్ అక్కడికక్కడే పోతుందని నేను ఆ డబ్బా పట్టుకుని వేలాడాను. ఇద్దరం గుంజుకుంటుంటే గట్టు మీంచి అక్క అరిచింది.

"కాలుతున్నది బండా, నేనా? ఎవరన్న ఒకరు నా దిక్కు సూడుండ్రి!"

కాలింది తలుపు రంగు మాత్రమే. అద్దాలు దించుకుని, దగ్గుకుంటూ ఎట్లాగో దవాఖాన చేరాం. ఆ పూట పుట్టినవాడే ఈ మనవడి తండ్రి. ఆ తర్వాత బావ ఎవరూ చెప్పకుండానే ఇంజన్ గీకి, కిరోసిన్‌తో కడిగి, డైనమో వెనక దొరికిన అసలు రంగుకు సరిపోయే, వేడికి ఆగే రంగు బీదర్ వెళ్లి తెచ్చాడు. డబ్బా మీది అక్షరాలు నాతో ఒక్కొక్కటిగా చదివించుకున్నాకే మూత తీశాడు. పొగగొట్టానికి వెండిరంగు వేశాం. ఆ రంగు బావ ఉన్నన్నాళ్లూ పెచ్చు లేవలేదు.

ఇదంతా మనవడికి చెబుతుంటే, మిగిలిన రంగు సంగతి గుర్తుకొచ్చింది. మన కాలంలో డబ్బా అడుగున మిగిలిన రంగును పారేసిన ఇల్లు ఉందా? కాస్త కిరోసిన్ కలిపి, కుంచె అరిగేదాకా, ఇంట్లో తుప్పు కనిపించిన ప్రతిదానికీ పూసేవాళ్లం. బావ ఊళ్లోని పాత ఇంటికి వెళ్లి కిటికీ చువ్వలు చూశాం, ఎండకు వెలిసి బూడిదైపోయాయి. అప్పుడు అక్క ట్రంకుపెట్టె గుర్తుకొచ్చింది. తుప్పు మరకలు చీరలకు అంటుతున్నాయని పోరుపెడితే, బావ దాని మూత లోపల ఆ రంగే పూశాడు. చీర కట్టుకుంటే డ్రైవర్ పెండ్లాన్నని ఊరంతా వాసనతోనే తెలుస్తుందని అక్క చాలా రోజులు దెప్పింది.

మూత ఎత్తాను. రంగు ఉంది. నేను చెప్పిన రెండింట్లో ఏదీ కాదు. బూడిద కలిసిన మెత్తటి పచ్చ. వాడు వెంటనే షాపుకు పరుగెత్తబోతే ఆపాను. నూనె రంగు చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది, వెలుగు చూపిస్తే మళ్లీ తేరుకుంటుంది. మూతను కొన్నాళ్లు ఎండలో పెట్టాలన్నాను.

"తాతా, నానమ్మకు అంత టైం ఉందా?" అన్నాడు వాడు.

అయినా పెట్టించాను. ఆ రోజులన్నీ పొద్దున లేవగానే ముందు అక్క గదిలోకి తొంగి, ఊపిరి చూసుకుని, తర్వాత మూత రంగు చూసుకునేవాణ్ణి.

చివరికి రంగు కలిపించాం, పలుచగా పొర మీద పొర వేశాం, ఇంజన్ దింపాక కొత్తరంగు పొగంతా పోయేదాకా వాడి షెడ్డులోనే నడిపించాం. కారు మా ఇంటి ముందుకు వచ్చాక అక్కను కుర్చీలో మోసుకొచ్చారు. బానెట్ ఎత్తమని చేత్తో సైగ చేసింది. చాలాసేపు చూసింది.

"పొగ రాదు గదరా తమ్మి?" అంది.

రాదక్కా అన్నాను. అప్పుడు ఎక్కింది. డిపో దాకా వెళ్లి వచ్చాం. దారి పొడుగునా ఆమె చెయ్యి అద్దం దించే పిడి మీదే ఉంది.

డబ్బాలో కొంచెం రంగు మిగిలింది. మనవడు పారేయబోతే లాక్కున్నాను. దేనికి తాతా అని అడిగాడు. నేను కుంచె పట్టుకుని ఈ కొత్త ఇల్లంతా తిరిగాను. కిటికీలు అల్యూమినియం, బిందెలు ప్లాస్టిక్, బీరువా కంపెనీలోనే రంగు తొడుక్కుని వచ్చింది, ఏ వస్తువుకూ తుప్పు లేదు, ఏ వస్తువుకూ నా రంగు అక్కర్లేదు. రేపెప్పుడో ఈ ఇంజన్‌ను మళ్లీ ఎవరో మెరిసేదాకా రుద్ది, ఏం రంగుండె అని అడిగితే, అక్క పెట్టె కూడా పోయాక వెతుక్కోవడానికి ఈ ఇంట్లో ఇంకో మూత ఉండదు. ఆ డబ్బా నా మంచం కింద పెట్టుకున్నాను. రంగు అడుగున పేరుకోకుండా అప్పుడప్పుడు తీసి ఊపుతుంటాను.