డాబా మీద ఊపిన చేయి

అరవై తొమ్మిదిలో మేము చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్లం. మా పెద్దబ్బాయి బేగంపేటలో చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. మావారు మంచం పట్టారు, చూపు మందగించింది. డాక్టరు ఆశ పెట్టుకోవద్దన్నారు.

"రేపు పొద్దున మనింటి మీదుగా వస్తాను నాన్నా, డాబా మీద ఉండండి" అన్నాడు వాడు. ఇంటి మీద తిరగడానికి పెట్రోలు దండగని నేను కసిరాను. అయినా మరునాడు ఆయన్ని మంచంతో సహా డాబా ఎక్కించాం.

చాలాసేపటికి మోత వినిపించింది. అది ప్రయాణికులు ఎక్కే పెద్ద విమానం. మాతో పాటు పైకొచ్చిన కింది వాటా యాదమ్మ మాత్రం "పెద్దయ్యా, గదిగో నీ కొడుకే! జర చెయ్యి ఊపు!" అని అరిచింది. ఆయన చేయెత్తి, మోత ఆగేదాకా ఊపారు. ఆ చేయి వాలిపోకుండా నేను మోచేయి పట్టుకున్నాను.

సాయంత్రం చెప్పొద్దని నేను సైగ చేసేలోపే అబ్బాయి గుమ్మంలోనే, "రాలేకపోయాను నాన్నా, ఊరి మీదకు పోవడానికి టవర్‌లో పర్మిషన్ ఇవ్వలేదు. హుస్సేన్ సాగర్ దగ్గర్నుంచే వెనక్కి తిరగమన్నారు" అనేశాడు.

ఆయన "మరి నేను చెయ్యూపింది ఎవరికే?" అని నన్నడిగారు.

ఆ వారంలోనే పోయారు. ఇప్పటికీ విమానం మోత వినిపిస్తే తలెత్తి చూడను.