గొంతు మీద వేళ్లు

మొన్న వికారాబాదులో డాక్టరు నా చెవికి వినపడే మిషన్ పెట్టగానే, కిటికీ అవతల పడుతున్న వాన చప్పుడు ఒక్కసారిగా నాలోకి వచ్చేసింది. సంతోషంతో కన్నీళ్లు పెట్టుకున్నాననుకుంది మనుమరాలు. నాకు మాత్రం మా ఆయన గుర్తొచ్చాడు.

పోలీసు యాక్షన్ అయిన కొన్నేండ్లకు నేను తాండూరుకు కాపురానికొచ్చాను. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఎవరింట పెండ్లయినా మా ఆయన సన్నాయి మోగాల్సిందే. ఒక ఎండాకాలం బషీరాబాదులో పెండ్లి ముగించుకొని, ఏదో కొత్త వరుస వాయించుకుంటూ ఆయన నడిచొస్తుంటే, తోవ పక్క చేనులో బావి తవ్వేవాళ్లు బండ పేల్చడానికి మందు తూటా పెట్టి, దూరం పొమ్మని కేకలేశారట. సన్నాయి మోతలో ఆ కేకలు ఆయనకు వినపడలేదు. ఆ తరువాత ఇంకేదీ వినపడలేదు.

ఒంటి గాయాలు మానాక మళ్లీ సన్నాయి పట్టాడు. శ్రుతి ఎటు పోతున్నదో తెలియక ఆయన ఊదుతూనే ఉంటే, వాకిట్లో మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లి ముఖం చూసి సన్నాయిని గుడ్డలో చుట్టేశాడు, మళ్లీ విప్పలేదు. అన్నం ముందు కూర్చున్నా ఆయన వేళ్లు కంచం అంచు మీద సన్నాయి రంధ్రాలను వెతుక్కునేవి. నేను అటు చూడలేకపోయేదాన్ని.

ఒక పొద్దున నేను జొన్నలు విసురుతుంటే, ఇసుర్రాయి అదురు నేలలోంచి తగిలిందేమో, దగ్గరికొచ్చి కూర్చొని ఆ తిప్పుడుకు తగ్గట్టు మాటలు కట్టాడు.

"జర గిది పాడు," అన్నాడు.

నేను పాడుతుంటే నా గొంతు మీద రెండు వేళ్లు ఆనించి కండ్లు మూసుకున్నాడు.

అట్లా మొదలైన పాటలను నేర్చుకోవడానికి కోట్‌పల్లి నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవారు. వరుస ఆయనే కూనిరాగం తీసి చెప్పేవాడు గానీ, ఏండ్లు గడిచేకొద్దీ ఆ రాగం చెదిరిపోయి, ఏది ఏ స్వరమో పోల్చుకోలేక నాకు తోచినట్టు సర్దుకొని పాడేదాన్ని. అప్పగింతల పాట కట్టిన రోజు, గొంతు మీది వేళ్లు తీసి అడిగాడు.

"నా లోపల మస్తు మంచిగ వినవస్తున్నదే. గట్లనే వచ్చిందా?"

తలూపాను. ఇంకేం చేయను? నా ముఖంలోకి చాలాసేపు చూసి నవ్వాడు. నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు పెండ్లిళ్లలో పెద్ద పెద్ద మైకు డబ్బాలే పాడుతున్నాయి. ఎక్కడో ఒక ముసలామె ఆ అప్పగింతల పాట ఎత్తుకొని, మీ ఆయన పాటేనంటూ నా వైపు చూస్తుంది. ఆమె పాడేది నేను సర్దిన వరుస. ఆయన లోపల మోగిన వరుసను ఈ లోకంలో ఎవరూ వినలేదు, పక్కనే కూర్చొని పాడిన నేను కూడా.