డౌవె ఫైళ్ల చివరి వరుస

డౌవె పోయి మూడు నెలలైంది. శుక్రవారం అతని ఖాతా చెరిపేస్తారు. ఆఫీసు రూలు అది. చచ్చినవాడికి కంప్యూటర్లో చోటుండదు.

నెదర్లాండ్స్‌లో, ఫ్రీస్‌లాండ్‌లోని ఆ నీటి ఆఫీసులో కాలవల నీటి మట్టాలూ పంపుల హెచ్చరికలూ చెప్పే స్క్రిప్టులు, పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసినవి, రెండొందలకు పైనే. అసలు పనంతా అవి తెచ్చుకుని వాడుకునే మాడ్యూళ్లనే ఫైళ్లదే, అవన్నీ డౌవె రాసినవే. ఆ మహానుభావుడు వాటిని ఉమ్మడి ఫోల్డరులో పెట్టకుండా, సొంత ఫోల్డరులో పెట్టుకున్నాడు. ప్రతి స్క్రిప్టూ మొదటి వరుసలో అతని పేరు చెప్పుకుని, అక్కడికి పోయి తెచ్చుకోవాల్సిందే. ఖాతాతో పాటు ఆ ఫోల్డరు పోతే, పొలాలు మునిగినా చెప్పే దిక్కుండదు. ఈలోగా వాటిని ఉమ్మడి ఫోల్డరులోకి మార్చే పని హిల్కెది.

"ఇంకా మార్చలేదా హిల్కె గారూ? రేపే శుక్రవారం!" అన్నాడు కుర్ర మేనేజరు యెల్మర్.

"మారుస్తానయ్యా, నా ప్రాణం తినకు."

హిల్కెకు బద్ధకం కాదు, డౌవె మీద కోపం. పంతొమ్మిదేళ్లు పక్కపక్క బల్లలు. అయినా జబ్బు సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. సెలవు పెట్టి వెళ్లాడు, రెండు నెలలకు చావు కబురొచ్చింది. 'నాకు చెప్పడానికి నోరు రాలేదా?' అని ఎన్నిసార్లు తిట్టుకుందో!

పళ్లు బిగించి ఫైళ్లు తెరిచింది. మాడ్యూలు చివరి వరుసలో 'నిజం' అనిపించుకునేది ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే పెర్ల్ ఒప్పుకోదు. అందరూ ఒకటి అంకె వేసి ఊరుకుంటారు. ఏ మాట రాసినా దానికి నిజమే కనుక, డౌవె వేళాకోళాలు రాశాడు. 'హిల్కె పెట్టింది కాఫీ కాదు, కషాయం.' ఆమెకు నవ్వొచ్చింది. 'ఓరి నీ దుంపతెగ!' అనుకుంది.

చివరికి పంపుల ఫైలు తెరిచింది. సెలవుకు ముందు వారం అతను ముట్టుకున్నది అదే. చివరి వరుస చూసింది.

'హిల్కెకి రేపు చెప్పాలి.'

ఆమె స్క్రిప్టు రోజూ పొద్దున్నే ఏడింటికి ఆ ఫైలును తెచ్చుకుంటూనే ఉంది. వాడుకోవడానికి తెరిచి చూడక్కర్లేదు మరి, ఆమె వాడుకుంది. అప్పటికి డౌవె ఇంకా రెండు నెలలు బతికే ఉన్నాడు. ఒక్కసారి చూసి ఉంటే, పరుగున వెళ్లి మంచం పక్కన కూర్చునేది కదా!

"ఆ చివరి చెత్తంతా తీసేసి ఒకట్లు పెట్టేయండి," అన్నాడు వెనక నుంచి యెల్మర్.

"వాటి జోలికొచ్చావంటే ఊరుకోను."

మాడ్యూళ్లను ఉన్నవున్నట్టు ఉమ్మడి ఫోల్డరులోకి మార్చింది. రెండొందల స్క్రిప్టుల్లోనూ అతని పేరు తీసేసి నడిపి చూసింది. ఒక్కటీ మొరాయించలేదు. పంపుల జాబితా ఎప్పటిలాగే వచ్చింది.

"నువ్వు చెప్పావులే డౌవె," అంది ఖాళీ బల్ల వైపు చూస్తూ. "నేనే చూసుకోలేదు."